పెర్రీ గారి షార్ట్‌హ్యాండు పుస్తకాలు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మరణశిక్షల చరిత్ర మీద వచ్చిన వ్యాసం చదివాను. 1960 మే 2న శాన్ క్వెంటిన్ జైలులో కారిల్ ఛెస్‌మన్‌ను గ్యాసు గదిలో చంపిన ఉదయం, శిక్షను ఆపమని జడ్జి ఆఫీసు నుంచి వెళ్ళవలసిన ఫోను తప్పు నంబరుకు పోవడాన్ని వ్యాసకర్త ఎంతో ఉత్కంఠగా రాశారు. చదివించే వ్యాసమే. నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది చిన్నది. ఛెస్‌మన్‌ను రెండు చోట్ల హంతకుడన్నారు. ఆయన చేతిలో ఎవరూ చనిపోలేదు, ఆయన మీద హత్యానేరం మోపనూ లేదు. మరి ఎందుకు చంపారన్నదే ఆ కేసులో అసలు విషయం కాబట్టి ఈ పొరపాటును వదిలేయడానికి లేదు. రెండో అభ్యంతరం పెద్దది. ఆ కేసంతా ఒక ఫోను మీద నడిచినట్టు రాశారు. అది నడిచింది కోర్టులో మాటలను గీతల్లో వేగంగా రాసుకున్న కొన్ని షార్ట్‌హ్యాండు పుస్తకాల మీద. వాటి ఊసే వ్యాసంలో లేదు.

నేను కోర్టులో స్టెనోగ్రాఫరుగా చేరి, ఆ కుర్చీలోనే రిటైరైన మనిషిని. ఛెస్‌మన్ జైలులో కూర్చుని పుస్తకాలు రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడని అందరూ చెబుతారు. నన్ను ఈ కేసులోకి లాగింది మాత్రం ఆ విచారణలో స్టెనోగా కూర్చున్న ఎర్నెస్ట్ పెర్రీ. ఆయన పేరు ఎక్కడ కనిపించినా ఆగి చదువుతాను.

ముందు కేసు సంగతి క్లుప్తంగా చెబుతాను. 1947 చివర ఫోల్సమ్ జైలు నుంచి పెరోల్ మీద బయటికి వచ్చిన ఛెస్‌మన్‌ను 1948 జనవరిలో లాస్ ఏంజెలెస్ పోలీసులు దొంగ కారులో వెంటాడి పట్టుకున్నారు. కారుకు ఎర్ర దీపం పెట్టుకుని, పోలీసులా నటిస్తూ, ఊరి చివర ఏకాంతంగా కార్లు ఆపుకున్న జంటలను దోచుకుని, ఇద్దరు స్త్రీల మీద లైంగిక దాడి చేసింది ఇతనేనన్నారు. ఆయన చివరిదాకా కాదనే అన్నాడు. లాయరు వద్దని తన కేసు తానే వాదించుకున్నాడు. తీర్పు చెప్పే పౌరుల బృందమైన జూరీలో పదకొండు మంది స్త్రీలు, ఒక పురుషుడు. 18 అభియోగాల్లో 17 రుజువయ్యాయన్నారు, రెండింటికి మరణశిక్ష పడింది.

ఎత్తుకుపోవడం గురించిన చట్టం ఆ రెండు మరణశిక్షలకూ ఆధారం. విమాన చోదకుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డను 1932లో ఎత్తుకుపోయి చంపాక అనేక రాష్ట్రాలు ఆగ్రహంలో చట్టాలు చేశాయి. కాలిఫోర్నియా చేసిన చట్టం ప్రకారం, దోపిడీ కోసం మనిషిని ఎత్తుకుపోయి ఒంటికి హాని చేస్తే, ప్రాణం పోకపోయినా మరణశిక్ష వేయడానికి వీలుండేది. ఛెస్‌మన్ కేసులో ఒక స్త్రీని ఆమె కూర్చున్న కారు నుంచి తన కారు దాకా నడిపించిన దూరం 22 అడుగులు. ఆ 22 అడుగులూ ఎత్తుకుపోవడమేనని రాష్ట్ర సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అదే కోర్టు 1969లో మాట మార్చుకుంది. దోపిడీలో భాగంగా మనిషిని నాలుగడుగులు కదిలించడం ఎత్తుకుపోవడం కిందికి రాదంది. అప్పటికి ఛెస్‌మన్ చనిపోయి తొమ్మిదేళ్ళు. అయితే రెండో బాధితురాలి సంగతి వేరు. పదిహేడేళ్ళ ఆ అమ్మాయిని అతను కారులో చాలా దూరం తిప్పాడన్నది అభియోగం. ఆమె ఆ తర్వాత మానసిక వైద్యశాలలో చేరింది. ఛెస్‌మన్ మీద సానుభూతితో రాసేవాళ్ళు ఆమెను ఒక్క వాక్యంలో దాటేస్తారు. అది నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఇక పెర్రీ గారి దగ్గరికి వస్తాను. తీర్పు వచ్చిన నెల రోజులకు, 1948 జూన్‌లో ఆయన చనిపోయారు. విచారణలో తాను రాసుకున్న షార్ట్‌హ్యాండులో దాదాపు మూడో వంతు మాత్రమే అప్పటికి విప్పి చెప్పారు. టైపు చేసి పైకోర్టుకు పంపవలసిన మిగతాదంతా ఆయన పుస్తకాల్లో గీతలుగా ఉండిపోయింది.

ఈ వృత్తిలో లేనివారికి ఇందులో ఏముందో అర్థం కాకపోవచ్చు కనుక కొంచెం వివరిస్తాను. పెర్రీ ఏ పద్ధతిలో రాసినా సరే, నాకు తెలిసిన పిట్‌మన్ పద్ధతి ఉదాహరణగా తీసుకోండి. అందులో ప, బ అక్షరాలకు గీత ఒక్కటే. పలుచగా గీస్తే ప, ఒత్తి గీస్తే బ. ట, డ కూడా అంతే. అచ్చులకు పెట్టవలసిన చుక్కలు, చిన్న గీతలు వేగంలో దాదాపు ఎవరూ పెట్టరు. సాక్షి గబగబా చెబుతూ, ఇటు లాయరు అడ్డుపడుతూ, అటు జడ్జి మందలిస్తూ ఉంటే పలుచన, ఒత్తు అన్నీ కలిసిపోతాయి. అప్పుడు స్టెనోకు మిగిలే ఆసరా జ్ఞాపకం. ఆ గీత చూడగానే సాక్షి గొంతు, ఆ రోజు ఆ మాట అన్న తీరు మనసులో పలుకుతాయి. పైగా ఎవరి కుదింపులు వారివి. నేను "ముద్దాయి చెప్పినదేమంటే" అనడానికి వాడే గుర్తు నా పక్క బల్ల మీద ఇరవై ఏళ్ళు పనిచేసిన సహోద్యోగికి అంతుపట్టదు. సెలవులో ఉన్నవారి నోటుపుస్తకం తెచ్చి "కాస్త టైపు చేసి పెట్టండి" అని అధికారులు అడిగినప్పుడల్లా నేను ఒకే జవాబు చెప్పేదాన్ని: వారు వచ్చేదాకా ఆగండి. పెర్రీ గారి విషయంలో ఆగడానికి ఎవరూ లేరు.

మరి ఏం చేయాలి? ఆ రోజుల్లో కాలిఫోర్నియా చట్టంలోనే దీనికొక జవాబు ఉంది. సివిల్ కేసులో స్టెనో చనిపోయి రికార్డు తయారు కాకపోతే కోర్టు మళ్ళీ విచారణకు ఆదేశించవచ్చు. స్థలం తగాదా అయితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు, మనిషి ప్రాణం అయితే కుదరదు, ఎందుకంటే ఆ సెక్షన్ సివిల్ కేసులకు మాత్రమే వర్తిస్తుంది! 1950లో రాష్ట్ర సుప్రీంకోర్టు మెజారిటీ అచ్చంగా ఇదే చెప్పింది. జస్టిస్ కార్టర్ ఒప్పుకోలేదు. ఆయన విభేదించినంత మాత్రాన ఏమీ మారలేదు. తర్వాతి కాలంలో క్రిమినల్ కేసులకూ అదే వెసులుబాటు కల్పిస్తూ శిక్షాస్మృతిలో చేర్చారు. ఇప్పటికీ అక్కడ ఆ నిబంధన ఉంది. ఆ సెక్షన్ చదివిన రోజున నాకు కోపమే వచ్చింది.

మళ్ళీ విచారణ జరపకుండా పెర్రీ పుస్తకాలను స్టాన్లీ ఫ్రేజర్ అనే మరో స్టెనో చేతిలో పెట్టారు. ఈ ఫ్రేజర్ ఎవరు? ఛెస్‌మన్‌కు మరణశిక్ష వేయించిన ప్రాసిక్యూటర్ మిల్లర్ లీవీకి పెళ్ళి సంబంధం ద్వారా మామ వరస. గీతలు అర్థం కాని చోట ఆయన ఆ ప్రాసిక్యూటర్‌తో సంప్రదించాడు. సాక్ష్యం చెప్పిన పోలీసు అధికారులనూ అడిగాడు. అలా తయారైన రికార్డును జడ్జి ఖరారు చేసిన రోజున, తన లాయరు తానే అయిన ముద్దాయి కోర్టులో లేడు, ఆయన తరఫున మరెవరూ లేరు. లీవీ చెడ్డవాడని గాని, ఫ్రేజర్ కావాలని మార్చాడని గాని నేననడం లేదు. నాకు తెలిసిందల్లా ఒకటే. అర్థం కాని గీత ఎదురైనప్పుడు "ఇక్కడ ఏమన్నారండీ?" అని అడిగితే, అడిగించుకున్నవారు తమకు గుర్తున్నదే చెబుతారు. ఎవరికి ఏది గుర్తుంటుందో వారు ఏ పక్షాన కూర్చున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే స్టెనోకు పక్షం ఉండకూడదు.

ఈ ఒక్క అంశం మీద ఛెస్‌మన్ తొమ్మిదేళ్ళు పోరాడాడు. 1957 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 5-3 తేడాతో ఆయన వాదన సరైనదంది. జస్టిస్ హార్లన్ తీర్పు రాశారు. అంతకుముందు కాలిఫోర్నియా గవర్నరుగా ఉన్న చీఫ్ జస్టిస్ వారెన్ ఆ తీర్పులో పాల్గొనలేదు. రికార్డు ఖరారు చేసేటప్పుడు ముద్దాయి స్వయంగా గాని, లాయరు ద్వారా గాని హాజరై ఉండవలసిందని కోర్టు చెప్పింది. శిక్షను కొట్టేయలేదు, రికార్డును సక్రమంగా ఖరారు చేయమంది. దాంతో లాస్ ఏంజెలెస్‌లో మళ్ళీ కూర్చున్నారు. ఫ్రేజర్ రికార్డులో సవరణలు చేశారు. సవరించిన రికార్డు మీద 1959లో రాష్ట్ర సుప్రీంకోర్టు పాత శిక్షనే ఖాయం చేసింది. తప్పులు దిద్దారు కదా అని ఎవరైనా అనవచ్చు. ఎంత దిద్దినా, విచారణలో ఆ మాటలు విన్న ఆ మనిషి చేతి రాతను ఆ మనిషి లేకుండా దిద్దడమే.

ఇప్పుడు మీ వ్యాసకర్తకు ఇష్టమైన ఫోను సంగతి. శాన్ క్వెంటిన్ గ్యాసు గది పనితీరు తెలిస్తే ఆ ఉత్కంఠ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. 1937లో ఉరి స్థానంలో గ్యాసు పెడుతూ చట్టం చేశారు, 1938లో గది తయారైంది. ఎనిమిది మూలల ఆకుపచ్చ ఇనుప గది, లోపల పక్కపక్కన రెండు కుర్చీలు. కుర్చీ కింద ఆమ్లం తొట్టి ఉంటుంది. సైనైడ్ గుళికలను బయటి నుంచే అందులోకి జారవిడుస్తారు. అవి జారాక తలుపు తీస్తే బయటివాళ్ళకూ ప్రమాదమే. కాబట్టి గుళికలు పడే క్షణం దాకా మాత్రమే ఫోనుకు విలువ. ఆ ఉదయం ఫెడరల్ జడ్జి లూయిస్ గుడ్‌మన్ కొద్దిసేపు ఆపమన్నారు. సెక్రటరీకి నంబరు నోటిమాటగా అందించడంలో పొరపాటు జరిగింది, ఫోను మరెక్కడికో పోయింది. సరైన నంబరు కలిసేసరికి గుళికలు పడ్డాయి.

ఇది ఒక్కసారి జరిగిన విడ్డూరం కూడా కాదు. మూడేళ్ళ ముందు, 1957 మార్చి 15న, అదే గదిలో బర్టన్ అబాట్‌ను చంపుతున్నప్పుడు గవర్నర్ గుడ్విన్ నైట్ విమానవాహక నౌక మీద ఉన్నారు. ఆపమని ఆయన చెప్పిన మాట జైలుకు చేరేసరికి గ్యాసు మొదలైంది. ఆ రోజు గవర్నరు వెంట పడిన లాయరు జార్జ్ డేవిస్. ఛెస్‌మన్ కోసం గుడ్‌మన్ దగ్గరికి వెళ్ళిన లాయర్లలో ఆయనా ఉన్నారు. ఒకే లాయరుకు రెండుసార్లు ఫోను ఆలస్యమైంది! ఇలాంటి ప్రమాదం తెలిసీ అక్కడివాళ్ళు మూడేళ్ళలో ఏర్పాటు మార్చుకోలేదంటే ఆ చివరి నిమిషాలను వాళ్ళెంత తేలిగ్గా తీసుకున్నారో అర్థమవుతుంది. కానీ ఒకటి ఆలోచించండి. ఛెస్‌మన్ కేసులో ఫోను సరిగానే మోగి ఉంటే దక్కేది ఇంకొక వాయిదా. అప్పటికే ఎనిమిది వాయిదాలు దక్కాయి. మొదటి తప్పు 1948లోనే జరిగిపోయింది, తొమ్మిదో వాయిదా దాన్ని సరిచేయగలిగేది కాదు.

గవర్నర్ పాట్ బ్రౌన్ మీద వ్యాసకర్త కటువుగా రాశారు. పిరికివాడన్నారు. నేను ఒప్పుకోను. బ్రౌన్ మరణశిక్షకు వ్యతిరేకి, ఆ మాట బయటికే చెప్పేవారు. కానీ రెండుసార్లు శిక్షపడిన నేరస్థుడి విషయంలో రాష్ట్ర సుప్రీంకోర్టు మెజారిటీ సిఫారసు లేనిదే శిక్ష తగ్గించే అధికారం అక్కడి రాజ్యాంగం గవర్నరుకు ఇవ్వలేదు. కోర్టు 4-3తో కుదరదంది. 1960 ఫిబ్రవరి 18 రాత్రి, మర్నాడు ఉదయం శిక్ష అమలు కావలసి ఉండగా, ఆయన 60 రోజులు ఆపారు. ఇరవై ఒక్కేళ్ళ కొడుకు జెర్రీ ఫోనులో తండ్రితో వాదించాడు. అదే సమయంలో విదేశాంగ శాఖ నుంచి తంతి వచ్చింది, అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఉరుగ్వే పర్యటనకు వెళ్తున్నారు, అక్కడ నిరసనలు జరగవచ్చు అని. కొడుకు మాట విన్నారా, తంతి మాట విన్నారా అని ప్రత్యర్థులు వెక్కిరించారు. ఆ అరవై రోజుల్లో ఆయన శాసనసభను ప్రత్యేకంగా సమావేశపరిచి మరణశిక్షనే రద్దు చేయమన్నారు. సెనేట్ న్యాయ సంఘంలో బిల్లు 8-7తో పోయింది. ఒక్క ఓటు! ఛెస్‌మన్ ఒక్కడి కోసం అడిగి ఉంటే చేతులు దులుపుకున్నాడనవచ్చు. ఆయన అందరి కోసం అడిగి ఓడిపోయారు. తన పదవీకాలంలో 59 మరణశిక్షల దస్త్రాలు ఆయన ముందుకొచ్చాయి, 23 మందికి శిక్ష తగ్గించారు, 36 మందిని పోనిచ్చారు. నాకు ఆయన మీద ఉన్న ఫిర్యాదు ఆ 36 గురించి. ధైర్యం గురించి కాదు.

1938 నుంచి 1967 వరకు ఆ ఆకుపచ్చ గదిలో 194 మందిని చంపారు. అందులో నలుగురు స్త్రీలు. ఆ జైలు ఆవరణలోనే పుట్టి, 1940 నుంచి 1951 దాకా దాని అధిపతిగా, అంటే వార్డెన్‌గా, పనిచేసిన క్లింటన్ డఫీ 90 శిక్షలు అమలు చేయించి, ఆ తర్వాత మరణశిక్షకు వ్యతిరేకంగా ఊరూరా మాట్లాడారు. 1972లో రాష్ట్ర సుప్రీంకోర్టు 6-1తో మరణశిక్షను కొట్టేసింది. ఆ రోజు కూడా ఫిబ్రవరి 18 కావడం కాకతాళీయం. 107 మంది మరణశిక్షలు రద్దయ్యాయి. ఆ నవంబరులోనే ఓటర్లు రాజ్యాంగాన్ని సవరించి దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. గదిని విప్పేసింది 2019లో. ఇదంతా మీ వ్యాసంలో ఉంది కనుక ఇంతటితో ఆపుతాను.

నా వాదన మీద రాగల గట్టి విమర్శ ఒకటుంది. 1957 తీర్పులో విభేదించిన ముగ్గురిలో జస్టిస్ డగ్లస్ ఒకరు. ఖైదీల హక్కులంటే పట్టనివాడు కాదాయన. ఆయనే ఛెస్‌మన్ కోర్టులతో ఆట ఆడుతున్నాడని రాశారు. రికార్డులో ఏ ముఖ్యమైన తప్పుందో చూపలేకపోయాడని కూడా చాలామంది అన్నారు. కావచ్చు. తెలివైనవాడు, పొగరుబోతు, లాయరును వద్దని తన నెత్తికి తానే తెచ్చుకున్నవాడు. కానీ తప్పు చూపమని అడగడానికి ముందు ఒప్పు ఏదో తెలియాలి కదా. దానికి ఆధారం పెర్రీ పుస్తకం. దాన్ని చదవగల ఏకైక మనిషి పోయాక, ఇదిగో ఇక్కడ తప్పు అని ముద్దాయి దేన్ని పక్కన పెట్టి చూపుతాడు? పైగా కోర్టు రికార్డు ముద్దాయికి ఇచ్చే బహుమతి కాదు, అతను మంచివాడైతే ఇచ్చి, ఆటలాడితే లాక్కోవడానికి. అది పైకోర్టు కోసం తయారు చేసేది. ఆ జడ్జీలు విచారణ చూడలేదు. మేము రాసిందే వాళ్ళు చూస్తారు.

ఛెస్‌మన్‌కు దక్కిన ప్రచారం వల్ల ఆ కాలపు కాలిఫోర్నియాలో మరో మనిషి మరుగున పడిపోయాడు. వెస్లీ రాబర్ట్ వెల్స్, నల్లజాతి ఖైదీ. 1947లో ఫోల్సమ్ జైలులో ఒక వార్డరు మీదికి ఉమ్మితొట్టి విసిరాడు. యావజ్జీవ ఖైదీ ఎవరైనా అలాంటి దాడి చేస్తే మరణశిక్ష తప్పనిసరి అనే చట్టం ఉండేది. జడ్జికి వేరే దారి లేదు. నిజానికి వెల్స్‌కు పడిన శిక్ష యావజ్జీవం అని ఎవరూ తేల్చి చెప్పింది కాదు. ఐదేళ్ళ నుంచి జీవితకాలం దాకా అని వేసి, ఎన్నేళ్ళో తేల్చే పని బోర్డుకు వదిలారు. బోర్డు తేల్చలేదు. తేల్చలేదు కాబట్టి యావజ్జీవమే అన్నారు. ఉమ్మితొట్టికి మరణశిక్ష పడింది అలా. 1954లో గవర్నర్ నైట్ దాన్ని పెరోల్ లేని యావజ్జీవంగా మార్చారు. అబాట్ విషయంలో ఫోను అందని అదే నైట్. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు, 1974లో, వెల్స్ జైలు నుంచి బయటికి నడిచాడు.

ఆయన గురించి తెలుగులో నాకు ఒక్క వ్యాసమూ కనిపించలేదు. మీ వ్యాసకర్తకు కథ చెప్పే నేర్పు ఉంది. తర్వాతి అనుబంధంలో వెల్స్ మీద రాయమని కోరండి.

ఇట్లు
మీ పాఠకురాలు,
విశ్రాంత కోర్టు స్టెనోగ్రాఫర్